పాత పద్దులు చదవడం – 4వ పాఠం: ఎయిడెడ్ బడి లెక్క

ముందుగా పోయిన పాఠం లెక్కకు జవాబు. నిజాం రాజ్యపు పద్దుల్లో వాడిన ఫసలీ ఏడాదిని, మాసాన్ని ఇంగ్లీషు ఏడాది, నెలలోకి మార్చడమే ఆ లెక్క. 1318 ఫసలీ, తీర్ మాసం అంటే 1909 మే ప్రాంతం. ఫసలీ ఏడాదికి ఆజూర్, దై, బహ్మన్ మాసాల్లో అయితే 590, ఇస్ఫందార్ నుంచి ఆబాన్ దాకా అయితే 591 కలపాలి. బహ్మన్ ఆఖరి రోజులు జనవరిలోకి జారుతాయి కాబట్టి అక్కడ తేదీ కూడా చూసుకోవాలి.

ఈసారి సర్కారు గ్రాంటు అందుకున్న ప్రైవేటు, మిషన్ బడుల పద్దు చదువుదాం. అభ్యాసం కోసం నేనే కల్పించిన వరుస ఇది:

1325 ఫసలీ, దై. మిషన్ బడి, హనుమకొండ. ఇమ్దాద్: నెలకు 35 రూపాయలు.

దై మాసం కాబట్టి 590 కలిపితే 1915 నవంబరు. ఇమ్దాద్ అంటే సర్కారు సాయం. సర్కారీ, ఇమ్దాదీ, ఖాన్గీ అని బడులను మూడు వరుసల్లో చూపితే, మూడోది ఏ సాయమూ లేని ప్రైవేటు బడి.

ఇక 35 రూపాయలు. ఏ రూపాయలు? నిజాం రాజ్యంలో చెల్లేది హాలీ సిక్కా, బ్రిటిష్ ఇండియాలో కల్దార్. స్థిరపడిన మారకం ప్రకారం 100 కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైలు (అణాకు 12 పైలు) హాలీ. భయపడనక్కరలేదు, 7 హాలీలకు 6 కల్దార్లు అని గుర్తుంటే చాలు. ఆ లెక్కన 35 హాలీలంటే 30 కల్దార్లు. ఇది చూసుకోకుండా హనుమకొండ గ్రాంటును రాజమండ్రి గ్రాంటు పక్కన పెట్టి నిజాం ఉదారుడని, పిసినారి అని తీర్పులు చెప్పేవారి వ్యాసాలు పక్కన పెట్టేయండి.

అసలు చిక్కు షరతుల దగ్గర వస్తుంది. 1854లో చార్లెస్ వుడ్ పంపిన విద్యా డిస్పాచ్ (ఆదేశ పత్రం) బ్రిటిష్ ఇండియాలో గ్రాంట్-ఇన్-ఎయిడ్ పద్ధతికి, అంటే షరతుల మీద బడికి సర్కారు సాయం ఇచ్చే పద్ధతికి మూలం. ఆ షరతులు ఇవి: లౌకిక చదువు బాగా చెప్పాలి, స్థానికంగా బాధ్యత వహించే యాజమాన్యం ఉండాలి, సర్కారు తనిఖీకి ఒప్పుకోవాలి, పిల్లల దగ్గర ఎంతో కొంత ఫీజు తీసుకోవాలి. బైబిలు చెబుతున్నారా లేదా అన్నది ఇన్‌స్పెక్టరు పట్టించుకోకూడదు. మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) తర్వాత ఫలితాల గ్రాంటు కూడా వచ్చింది. ఇన్‌స్పెక్టరు పిల్లలను ఒక్కొక్కరినే చదివించి, రాయించి, లెక్క చేయించి చూస్తాడు, నెగ్గిన వారిని బట్టి డబ్బు. ఆ రోజుల్లో పంతులి చూపు ఎవరి మీద ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. గట్టెక్కే పిల్లవాడి మీదే.

ఈ షరతులను మన 35 రూపాయలకు తగిలించకండి. అమెరికన్ బాప్టిస్టులు 1879లో హనుమకొండకు వచ్చినప్పుడు అది నిజాం రాజ్యం, మద్రాసు గవర్నరు చట్టం అక్కడ చెల్లదు. సికింద్రాబాదులో బ్రిటిష్ సైన్యం, హైదరాబాదులో రెసిడెంటు (బ్రిటిష్ ప్రతినిధి) ఉన్నంత మాత్రాన బడి గ్రాంటు రెసిడెన్సీ ఖజానా నుంచి వచ్చిందనుకోవడం పొరపాటు. అదే భద్రాచలం తాలూకా సంగతి వేరు. 1860లో నిజాం నుంచి బ్రిటిష్ వారికి పోయి, కొంతకాలం సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు గోదావరి జిల్లాలో కలిసింది. ఆ తాలూకాలోని దుమ్ముగూడెం మిషన్ బడి పద్దు దొరికితే ఏడాదిని బట్టి ఏ ప్రభుత్వమో తేల్చుకున్నాకే షరతుల జోలికి వెళ్లాలి.

గ్రాంటు గడిలో కనిపించేది సర్కారు ఇచ్చింది మాత్రమే, బడికి అయిన ఖర్చు కాదు. పంతుళ్ల జీతాల్లో మిషన్ వాటా, చందాలు, ఫీజులు మిషన్ సొంత నివేదికల్లో ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టనిదే సర్కారు ఎంత మోసిందో తేలదు. నిజాం రాజ్యపు ఖాన్గీ బడుల సంగతి మరో తీరు. వాటికి డబ్బు మాట అటుంచి, తెరవడానికే ముందస్తు అనుమతి కావాలన్న నిబంధన వచ్చింది. ఆంధ్ర మహాసభ దాని మీద గట్టిగా పోరాడింది. 5వ పాఠం ఆ అనుమతి కాగితాల మీదే.

అభ్యాసం: 1331 ఫసలీ, దై, ఇమ్దాదీ బడి, నెలకు 28 రూపాయలు హాలీ. ఏ ఏడాది, ఏ నెల, ఎన్ని కల్దార్లు?