మేరీ ఆనింగ్ ఏరినట్టు శిలాజాలు ఏరడం

ఇంగ్లండు దక్షిణ తీరాన, డోర్సెట్‌లో, లైమ్ రీజిస్ అనే చిన్న ఊరుంది. శిలాజాలు వెతకడంలో పేరు తెచ్చుకున్న మేరీ ఆనింగ్ 1799లో అక్కడే పుట్టింది. వడ్రంగి తండ్రి 1810లో అప్పులు మిగిల్చి పోయాక, తీరాన రాళ్లు ఏరి అమ్మడమే ఇంటికి ఆధారమైంది. 1811లో అన్న జోసెఫ్ కంట ఒక ఇక్థియోసార్ (చేప ఆకారపు పురాతన సముద్ర సరీసృపం) పుర్రె పడితే, మరుసటి ఏడు మిగతా అస్థిపంజరాన్ని వెతికి పట్టింది మేరీ. అది 23 పౌండ్లకు అమ్ముడుపోయింది. 1823లో పూర్తి ప్లీసియోసార్ (పొడుగు మెడ సముద్ర సరీసృపం), 1828లో టెరోసార్ (ఎగిరే సరీసృపం) ఆమెకు దొరికాయి. ఇదంతా అదృష్టమనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అదే తీరాన రాళ్లు ఏరి అమ్మినవాళ్లు ఆ రోజుల్లో ఇంకా ఉన్నారు, వాళ్లకి ఇన్ని దొరకలేదు. ఎప్పుడు వెళ్లాలో, ఏ రాయి వదలాలో, దొరికినదాని పక్కన ఏముందో చూసుకోవడం ఆమెకు తెలుసు. బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లు ఒక శనివారం పెట్టుకుంటే ఆ పనితీరును అదే తీరంలో నేర్చుకోవచ్చు.

ఎప్పుడు వెళ్లాలి

వేసవి సెలవుల్లో వెళ్తే జనం తప్ప పెద్దగా ఏమీ దొరకదు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. వానలకు చరియలు జారతాయి, తుపాను అలలు ఆ మట్టిని కడిగేసి రాళ్లను మిగులుస్తాయి. మేరీ చలికాలంలోనే ఎక్కువగా తిరిగింది. ఆలస్యం చేస్తే బయటపడినదాన్ని మళ్లీ సముద్రమే పట్టుకుపోతుంది.

ఆటుపోట్ల పట్టిక చూడకుండా బయల్దేరకండి. నీరు పూర్తిగా తగ్గే సమయానికి రెండు గంటల ముందు మొదలుపెట్టి, వెనక్కి తగ్గే నీటి వెంట నడవండి. నీరు అడుగంటగానే తిరుగుముఖం పట్టండి. లైమ్ రీజిస్‌కీ పక్క ఊరు చార్మౌత్‌కీ మధ్య పోటు నీరు చరియ మొదలుదాకా వస్తుంది, అప్పుడు ఎక్కి తప్పించుకునే దారి ఉండదు. చరియ కింద కూర్చుని తినడం, ఫోటోలు దిగడం అసలే వద్దు. 1833లో చరియ విరిగిపడి మేరీ కుక్క ట్రే ఆమె కళ్లముందే చచ్చిపోయింది, ఆమె వెంట్రుకవాసిలో బయటపడింది. జారిన బురద పైకి గట్టిగా కనిపించినా లోపల మెత్తగా ఉంటుంది. కాలు పెడితే మోకాలిదాకా దిగబడుతుంది, పిల్లలున్నప్పుడు ఆ చుట్టుపక్కలకి పోవద్దు.

ఏం చూడాలి

కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు సుత్తి తీయడం. ఇక్కడ పని కళ్లది. నీటి అంచుకు దగ్గరగా, గులకరాళ్ల మధ్య మోకాళ్ల మీద కూర్చుని ఒక గజం చోటును పది నిమిషాలు చూడండి. ప్రకృతిలో రాయికి లేని క్రమం కనబడాలి: చుట్టలు, సమానంగా ఉన్న గీతలు, రెండువైపులా ఒకేలా ఉన్న ఆకారం. పూజగదిలో సాలగ్రామం ఉన్నవాళ్లకు ఇది తేలిక. గండకీ నది సాలగ్రామంలోని చక్రం కూడా అమ్మోనైట్ (చుట్టలా ఉన్న చిప్పతో బతికిన పురాతన సముద్రజీవి) శిలాజమే.

బంగారు రంగులో మెరిసే చిన్న పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) అమ్మోనైట్లు మామూలు గులకరాయి కంటే బరువు. అలలు బరువైనవాటిని ఒకచోట చేరుస్తాయి కాబట్టి తుప్పు మేకులు, ఇనుప ముక్కలు పోగైన చోట వెతకండి. తుపాకి గుండు ఆకారంలో, నున్నగా, గోధుమరంగులో ఉండేవి బెలెమ్నైట్లు, అంటే స్క్విడ్ లాంటి పురాతన జీవుల శిలాజాలు. ఇక్థియోసార్ వెన్నుపూస గుండ్రని బిళ్లలా ఉండి రెండు ముఖాలా లోపలికి గుంటపడి ఉంటుంది. ఎముకో రాయో తేలకపోతే విరిగిన అంచును పది రెట్లు చూపించే భూతద్దంతో చూడండి. ఎముకలో సన్నటి రంధ్రాలుంటాయి, రాయిలో ఉండవు.

నున్నటి బూడిదరంగు గుండ్రాయి అంచున అమ్మోనైట్ గీత కనబడితేనే పగలగొట్టండి. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకుని, భూగర్భ శాస్త్రజ్ఞులు వాడే సుత్తితో, కొసన కొట్టాలి. నడిమధ్యన కొడితే లోపలిది కూడా నాలుగు ముక్కలవుతుంది. వడ్రంగి సుత్తి తేవద్దు, దాని ఉక్కు పెళుసు, పెచ్చు లేచి కంట్లో పడుతుంది. గీతలేని గుండ్రాళ్లను కనబడినవల్లా బద్దలు కొట్టడం వల్ల వెనకొచ్చేవాళ్లకి చూడటానికి రాయి మిగలదు.

వదులుగా పడి ఉన్నవి ఏరుకోవచ్చు, చరియను తవ్వకూడదు. లైమ్‌కు పడమట మన్మత్ బీచ్ రాతిపలకల్లో కనిపించే పెద్ద అమ్మోనైట్లను చూసి వదిలేయాలి. వరుసగా వెన్నుపూసలు రాతిలో కనిపిస్తే చేయి పెట్టకుండా, పక్కన స్కేలుంచి ఫోటో తీసి, చార్మౌత్ హెరిటేజ్ కోస్ట్ సెంటర్‌లో చెప్పండి. తవ్వబోయి ముక్కలు చేసిన అస్థిపంజరం ఎవరికీ పనికిరాదు.

రాసుకోవడం

అసలు పని ఇది. చాలామంది ఎగ్గొట్టేదీ ఇదే. ప్రతి ముక్కకూ ఒక నంబరు, తేదీ, ఫోనులో చూసిన స్థానం, వదులుగా దొరికిందా పొరలో ఉందా, పొరలో ఉంటే ఏ సున్నపురాతి వరుసకు పైనో కిందో, పక్కన ఏమేం ఉన్నాయో అక్కడికక్కడే రాయండి. ఇంటికెళ్లి రాద్దామంటే సగం మరిచిపోతారు. బెజోర్ రాళ్లని (జంతువుల పొట్టలో గట్టిపడిన ముద్దలని) అమ్ముకునే ముద్దలు ఇక్థియోసార్ల పొట్ట భాగంలోనే దొరుకుతున్నాయని, పగలగొడితే చేప ఎముకలు, పొలుసులు కనబడుతున్నాయని మేరీ గమనించింది. ఆ గమనింపు మీదే భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం బక్లాండ్ 1829లో అవి రాయిగా మారిన పేడ అని తేల్చి కాప్రొలైట్లని పేరు పెట్టాడు. ముద్దను మాత్రమే సంచిలో వేసుకుని ఉంటే అది ఎవరికీ తెలిసేది కాదు.

ముక్కతో పెట్టే ఈ చీటీ మీద ఏరినవాళ్ల పేరు కూడా ఉండాలి. 1824లో భూగర్భ శాస్త్రజ్ఞుడు కానీబేర్ లండన్ జియలాజికల్ సొసైటీలో మేరీ ప్లీసియోసార్ గురించి చెప్పినప్పుడు ఆమె పేరే ఎత్తలేదు. ఆ సంఘం ఆడవాళ్లను సమావేశాలకు రానిచ్చింది కూడా 1904లోనే. అదే ప్లీసియోసార్ మెడ మరీ పొడుగ్గా ఉంది, రెండు జంతువుల ముక్కలు అతికించారేమోనని పారిస్‌లో పేరున్న శాస్త్రవేత్త కువియే అనుమానించాడు, తర్వాత ఒప్పుకున్నాడు. అందుకే శుభ్రం చేసేటప్పుడు ప్రతి దశలో ఫోటో తీయండి. చుట్టూ ఉన్న రాతిని పూర్తిగా చెక్కెయ్యకుండా కొంత వదలండి, అదే సాక్ష్యం.

మేరీ చదివింది తక్కువే అయినా శాస్త్రవ్యాసాలను బొమ్మలతో సహా చేత్తో రాసుకునేది, చేపల్ని, సముద్రపు మెత్తని జీవుల్ని కోసి శిలాజాలతో పోల్చి చూసేది. మీరూ చేపల మార్కెట్లో ఒక స్క్విడ్ కొని కోయండి. దాని సిరాసంచి చూశాక బెలెమ్నైట్లలో నల్లని మరక ఏమిటో అర్థమవుతుంది. శిలాజాల్లోని ఆ ఎండిన సిరాను నీళ్లతో కలిపి మేరీ స్నేహితురాలు ఎలిజబెత్ ఫిల్‌పాట్ బొమ్మలు గీసింది.

ఇంటికి తెచ్చాక

సున్నపురాతి ముక్కల్లో ఉప్పు ఉంటుంది. అది ఆరేటప్పుడు స్ఫటికాలై పైపొరను పెళ్లగిస్తుంది. కాబట్టి మంచినీళ్లలో ఒక వారం నానబెట్టి, రోజూ నీళ్లు మార్చండి. షేల్ (పలుచటి పొరల మట్టిరాయి) ముక్కను మాత్రం నానబెట్టవద్దు, బురదైపోతుంది. దాన్ని న్యూస్‌పేపర్లో చుట్టి నీడలో మెల్లగా ఆరనివ్వాలి, హీటరు దగ్గర పెడితే పగుళ్లు తప్పవు. వెనిగర్‌తో శుభ్రం చేయమని సలహా ఇచ్చేవాళ్ల మాట వినకండి. సున్నపురాయితోపాటు అమ్మోనైట్ చిప్పనూ అది తినేస్తుంది. సూది, మెత్తని టూత్‌బ్రష్, ఓపిక చాలు.

పొడిరాలే ఎముకను గట్టిపరచడానికి పారలాయిడ్ బి-72 (యాక్రిలిక్ రెసిన్) గుళికలు 5 గ్రాములు 100 మిల్లీలీటర్ల అసిటోన్‌లో కరిగించండి. గుళికలను పలుచటి గుడ్డలో మూటకట్టి వేలాడదీయాలి, నేరుగా వేస్తే అడుగున ముద్దకడతాయి. రాత్రి ఉంచితే కరుగుతాయి. కిటికీలు తెరిచి, మంట లేని చోట, పూర్తిగా ఆరిన ముక్కకే రాయండి. తేమ ఉంటే తెల్లగా పాలిపోతుంది. వార్నిష్ వద్దు, తర్వాత తీయలేరు. పారలాయిడ్‌ను అసిటోన్‌తోనే మళ్లీ తీసేయవచ్చు.

పైరైట్‌తోనే అసలు చిక్కు. గాలిలో తేమ 60 శాతం దాటితే అది పాడవడం మొదలవుతుంది. తెల్లని లేదా పసుపు పొడి రాలుతుంది, గంధకం వాసన వేస్తుంది, కొన్నేళ్లకు చీటీతో సహా పెట్టె అడుగు కూడా కాలినట్టవుతుంది. పైరైట్ ముక్కల్ని మంచినీళ్లలో ఒకటి రెండు రోజులకు మించి ఉంచకండి, వెంటనే పూర్తిగా ఆరబెట్టి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. హైదరాబాదుకో విశాఖకో తెస్తే వానాకాలంలో ఇది మరీ ముఖ్యం. సిలికా జెల్ రంగు మారగానే పొయ్యి మీద కాకుండా ఓవెన్‌లో తక్కువ వేడి మీద ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. ఒక ముక్క మీద పొడి కనబడితే బ్రష్‌తో దులిపి, దాన్ని మిగతావాటికి దూరంగా వేరే డబ్బాలో పెట్టండి. చీటీ అప్పుడే మరో కాపీ రాసి ఉంచుకోండి.