రౌటర్ పక్కన నిండుగా, పక్క గదిలో సున్నా: కంప్యూటర్ లోపలి వైఫై యాంటెన్నా సమస్యలు - పరిష్కారం

వైఫై సరిగా అందనప్పుడు చాలామంది ముందు డ్రైవర్ (వైఫై కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) మారుస్తారు, తరవాత రౌటర్‌ను తిడతారు, చివరికి కొత్త వైఫై కార్డు కొంటారు. లోపం యాంటెన్నాలో ఉంటే ఈ మూడింటివల్లా ఒరిగేదేమీ లేదు. యాంటెన్నా లోపానికి గుర్తు దూరం. రౌటర్‌కు రెండడుగుల దూరంలో బాగా పనిచేసిన కంప్యూటర్ గోడ దాటగానే తేలిపోతుంటే, అదే చోట ఫోన్‌కు సిగ్నల్ చక్కగా వస్తుంటే, అనుమానించవలసింది యాంటెన్నానే. వైఫై అన్న మాటే సెట్టింగులలో కనిపించకపోతే అది కార్డుకో, డ్రైవర్‌కో, బయోస్‌కో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నడిచే మూల ప్రోగ్రాము) సంబంధించిన సమస్య. దానికోసం యాంటెన్నా జోలికి పోనక్కరలేదు.

తెర మీది సిగ్నల్ గీతలను చూసి నిర్ణయానికి రాకూడదు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘netsh wlan show interfaces’ అన్న ఆదేశం ఇస్తే సిగ్నల్ శాతంలో కనిపిస్తుంది. ఆ లెక్కలో 100 శాతమంటే మైనస్ 50 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలమానం, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ), 0 అంటే మైనస్ 100. అంటే 50 శాతం మైనస్ 75కు సమానం, అక్కడికి వచ్చేసరికి వేగం బాగా తగ్గి ఉంటుంది. విప్పకముందు ఒక చోట కూర్చుని ఈ అంకెను రాసి పెట్టుకోవాలి.

లక్షణం: దగ్గరలో తప్ప సిగ్నల్ అందదు

ల్యాప్‌టాప్‌లో దీనికి ప్రధాన కారణం, తెర అంచులో ఉండే యాంటెన్నా నుంచి వచ్చే కేబుల్ వైఫై కార్డు మీదినుంచి ఊడిపోవడం. ర్యామ్ మార్చినప్పుడో, ఫ్యాను శుభ్రం చేసినప్పుడో ఇది జరుగుతుంది. కంప్యూటర్‌ను పూర్తిగా ఆపి, అడుగు మూత తీసి, అన్నిటికంటే ముందు బ్యాటరీ కనెక్టర్‌ను విడదీయాలి. కార్డు మీద రెండు చిన్న బంగారు రంగు గుండ్లు, వాటి పక్కన ఒక నిండు త్రిభుజం, ఒక బోలు త్రిభుజం ఉంటాయి. సాధారణంగా నల్ల కేబుల్ నిండు త్రిభుజానికి, తెల్లది బోలు త్రిభుజానికి వెళుతుంది. అయితే ఈ రంగులు అన్ని కంపెనీలలో ఒకేలా ఉండవు కనుక, తీయకముందే ఫోటో తీసుకోవడం మంచిది. కేబుల్ తలను గుండు మీద సరిగ్గా నిలిపి, వేలి కొనతో నిలువుగా నొక్కితే చిన్నగా టక్కుమంటుంది. ఆ చప్పుడు రాకపోతే అది కూర్చోనట్టే. పక్కకు ఒరిగి ఉండగా బలంగా నొక్కితే లోపలి రేకు వంగిపోతుంది. ఈ కనెక్టర్లు తీసి పెట్టడానికి చేసినవి కావు, పాత రకానికి తయారీదారు చెప్పే ఆయుష్షు 30 సార్లే. ఊరికే ఊడదీసి చూడవద్దు.

డెస్క్‌టాప్‌లో కారణం ఇంకా సులభం. ఇనుప క్యాబినెట్ సిగ్నల్‌ను అడ్డుకుంటుంది కనుకే యాంటెన్నాను వెనక బయట బిగిస్తారు. మదర్‌బోర్డుతో వచ్చిన ఆ పుల్లలు డబ్బాలోనే ఉండిపోయిన ఇళ్లు తక్కువేమీ కాదు. కొత్తవి కొనేటప్పుడు కంప్యూటర్ వైపు మధ్యలో సూది ఉంటే, యాంటెన్నా వైపు మధ్యలో రంధ్రం ఉండాలి. మర కలిసినంత మాత్రాన సరిపోదు. రెండు వైపులా సూదులే ఉంటే బిగించేటప్పుడు వంగుతాయి, రెండు వైపులా రంధ్రాలే ఉంటే అసలు తాకవు. యాంటెన్నా పక్కనే యూఎస్‌బీ 3.0 డిస్క్ పెట్టినా 2.4 గిగాహెర్ట్జ్‌లో రొద పెరుగుతుంది, దాన్ని కాస్త జరిపి చూడండి.

లక్షణం: వైఫై పర్వాలేదు, బ్లూటూత్ మాత్రం తెగిపోతుంది

చాలా కార్డులలో బ్లూటూత్ రెండో యాంటెన్నానే వాడుకుంటుంది. రెండు కేబుళ్లనూ ఒక్కసారి తారుమారు చేసి పెట్టండి. బ్లూటూత్ బాగుపడితే కార్డు మంచిదే, లోపం కేబుల్‌లో ఉంది.

లక్షణం: మూత కోణం మారితే సిగ్నల్ మారుతుంది

నా ల్యాప్‌టాప్ తెరను ఒక దుకాణంలో మార్పించాక, మూత సగం తెరిస్తే 80 శాతం, పూర్తిగా వాలిస్తే 30 శాతం చూపేది. విప్పి చూస్తే నల్ల కేబుల్ హింజ్ (మూత కీలు) కింద నలిగి, ఎండిన కాడలా చదునైంది. ఇలాంటి కేబుల్‌ను కోసి, మెలిపెట్టి, టేపు చుట్టడం కొందరు మెకానిక్‌ల అలవాటు. మధ్య తీగకూ చుట్టూ ఉన్న అల్లికకూ మధ్య దూరం చెడితే ఈ కేబుల్‌కు ఉండవలసిన 50 ఓమ్‌ల ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) లెక్క తప్పి, సిగ్నల్ అతుకు దగ్గరే వెనక్కి తిరుగుతుంది. కనుక యాంటెన్నాను కేబుల్‌తో సహా మార్చవలసిందే.

మల్టీమీటర్‌తో చూసేవారు ఒక మాట గుర్తుంచుకోవాలి. మధ్య తీగకూ బయటి అల్లికకూ మధ్య బీప్ వచ్చినంత మాత్రాన షార్ట్ అయిందని కాదు, చాలా యాంటెన్నాల నిర్మాణమే అలా ఉంటుంది. రెండు కేబుళ్లనూ పోల్చి, ఒకటి ఒకలా మరొకటి ఇంకోలా చూపితేనే అనుమానించాలి.

కొత్తది కొనేటప్పుడు మీ మోడల్‌కు చెందినదే దొరికితే సగం శ్రమ తగ్గుతుంది. విడి యాంటెన్నా అయితే ముందు తల కొలత చూడాలి: పాత మినీ కార్డుల మీది గుండు సుమారు 2 మిల్లీమీటర్లు, ఇప్పటి ఎం.2 కార్డులది సుమారు 1.5, ఒకటి మరొకదానికి పట్టదు. పొడవు కూడా అవసరానికి మించి వద్దు, ఇంత సన్నని కేబుల్ ఒక మీటరు దూరంలోనే సగం శక్తిని తినేస్తుంది. పాతదాన్ని తీసేటప్పుడు తెర చుట్టూ ఉన్న అంచును ప్లాస్టిక్ పలకతో మెల్లగా లేపి, కేబుల్ ఏ గాడిలో, హింజ్‌కు ఏ వైపునుంచి వెళ్లిందో చూసుకుని, కొత్తదాన్ని అదే దారిలో నడపాలి. యాంటెన్నాకు అంటిన రేకును అలంకారమనుకుని చింపవద్దు. యాంటెన్నాకు గ్రౌండ్ (విద్యుత్తు పరంగా ఎర్త్) అదే, పాత చోటే అంటించాలి.

అంచును తిరిగి నొక్కేముందు బ్యాటరీ కలిపి, మూతను నెమ్మదిగా తెరుస్తూ మూస్తూ అదే చోట కూర్చుని ఆ శాతాన్ని మళ్లీ చూడండి. ఏ కోణంలోనైనా అంకె ఒక్కసారిగా పడిపోతే కేబుల్ ఇంకా ఎక్కడో హింజ్ కింద చిక్కుకునే ఉంది. బ్యాటరీ మళ్లీ విడదీసి దారి సరిచేసి, ఆ తరవాతే అంచు బిగించండి.