పాతబడిన స్పోర్టీ హ్యాచ్‌బ్యాక్‌కి సస్పెన్షన్ మొత్తం కొత్తగా చేసుకోవడం ఎలా?

దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జైపూర్ వైపు పదేళ్ళు దాటిన స్విఫ్ట్‌లు, పోలో జీటీలు, పుంటోలు ఇంకా రోజూ తిరుగుతూనే ఉన్నాయి. ఇంజన్ బాగుంటుంది, ఏసీ పనిచేస్తుంది, కానీ కోరాపుట్ నుంచి సాలూరు దిగే ఘాట్‌లో సుంకి మలుపుల దగ్గర తేడా తెలిసిపోతుంది. ఒకప్పుడు స్టీరింగ్ తిప్పగానే తిరిగిన బండి ఇప్పుడు ముందు పక్కకి ఒరిగి, ఆ తర్వాత తిరుగుతుంది. బ్రేక్ వేస్తే ముక్కు దించుతుంది, స్పీడ్‌బ్రేకర్ దాటాక రెండు మూడుసార్లు ఊగుతుంది. ఈ కార్లని ఇష్టపడి కొనుక్కున్నదే నడుపుతున్నప్పుడు వచ్చే ఆ పట్టు కోసం. అది పోయిందని బండి అమ్మేయక్కర్లేదు, తిరిగి తెచ్చుకోవచ్చు.

మన దగ్గర ఎక్కడికి తీసుకెళ్ళినా మిస్త్రీ మొదట అనే మాట "షాకబ్జర్లు పోయాయి, మార్చేద్దాం". పోయి ఉండొచ్చు కూడా. కానీ పదేళ్ళ బండిలో షాకబ్జర్ల కంటే ఎక్కువ పాడయ్యేది రబ్బరు. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే చెయ్యి) బుష్‌లు (కీళ్ళలో ఉండే రబ్బరు గొట్టాలు), స్ట్రట్ (ముందు వైపు స్ప్రింగ్, షాకబ్జర్ కలిసి ఉండే కాలు) మౌంటింగులు, వెనక బీమ్ (వెనక చక్రాలు రెండింటినీ కలిపే అడ్డకమ్మీ) బుష్‌లు, స్టెబిలైజర్ (మలుపుల్లో బండి ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) బుష్‌లు బండి ఎక్కువ తిరగకపోయినా ఎండకీ వేడికీ గట్టిపడి, పగిలి, చిరిగిపోతాయి. కొత్త షాకబ్జర్లు వేసి పాత బుష్‌లు వదిలేస్తే డబ్బు ఖర్చవుతుంది, శబ్దం అలాగే ఉంటుంది. అందుకే చేస్తే ముందు భాగం మొత్తం ఒకసారి, వెనక మొత్తం ఒకసారి చేయండి. రెండూ ఒకే నెలలో అవ్వక్కర్లేదు, కానీ ఒక్క చక్రానికి మాత్రం చేయకండి. ఎడమది మారిస్తే కుడిదీ మార్చాల్సిందే.

ముందు ఏం పోయిందో చూడండి

బండిని చదునైన చోట ఆపి, ముందు చక్రం ఒకటి గాల్లోకి లేపి, స్టాండ్ మీద నిలబెట్టండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట ఉంటే బాల్ జాయింట్ అయినా కావాలి, వీల్ బేరింగ్ అయినా కావాలి. ఏదో తేల్చుకోవాలంటే లోపల ఒకరిని కూర్చోబెట్టి బ్రేక్ నొక్కమనండి. బ్రేక్ నొక్కినప్పుడు ఆట పోతే బేరింగ్, అలాగే ఉంటే బాల్ జాయింట్. తర్వాత చక్రాన్ని ఎడమా కుడీ పట్టుకుని ఊపండి. అక్కడ ఆట ఉంటే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీ చక్రాన్ని కలిసే చోటి జాయింట్) లేదా స్టీరింగ్ రాక్ లోపలి జాయింట్.

బుష్‌లు చూడటానికి ఒక పొడుగాటి టామీ రాడ్, టార్చి చాలు. లోయర్ ఆర్మ్‌కీ సబ్‌ఫ్రేమ్‌కీ మధ్య రాడ్ పెట్టి మెల్లగా తోయండి. రబ్బరు కొంచెం సాగడం మామూలే, లోహం నుంచి విడిపోయి కదిలితే దాని పని అయిపోయినట్టు. బ్రేక్ వేసిన ప్రతిసారీ కింద నుంచి ఒక్క "టక్" వస్తుంటే నా అనుభవంలో ఎక్కువగా ఆర్మ్ వెనక బుష్షే. గతుకుల రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తుంటే కటకటలాడితే స్టెబిలైజర్ లింక్ రాడ్లు. ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ తిప్పితే స్ప్రింగ్ దగ్గర "టంగ్" అని మోగితే, లేదా స్టీరింగ్ బిగుసుకుని దానంతట అది వెనక్కి రాకపోతే స్ట్రట్ పైన ఉండే బేరింగ్ చూడండి. షాకబ్జర్ మీద నూనె కారి మట్టి అంటుకుని ఉంటే సందేహమే లేదు. నూనె కారకపోయినా లోపల అరిగి ఉండొచ్చు, టైరు మీద చెయ్యి పెట్టి నిమిరితే అక్కడక్కడా గుంటలుగా అరిగినట్టు తగిలితే అది షాకబ్జర్ పట్టు పోయిన గుర్తు.

సామాన్లు

ముందు భాగానికి కావలసినవి: స్ట్రట్ రెండు, పై మౌంటింగులూ బేరింగులూ, బంప్ స్టాపర్లు (సస్పెన్షన్ చివర దాకా కుంగినప్పుడు దెబ్బ ఆపే దిమ్మలు), డస్ట్ బూట్లు, బాల్ జాయింట్‌తో పాటు లోయర్ ఆర్మ్‌లు రెండు, లింక్ రాడ్లు, స్టెబిలైజర్ బుష్‌లు. టై రాడ్ ఎండ్‌లు ఆట ఉంటేనే. వెనకకి షాకబ్జర్లు, బంప్ స్టాపర్లు, బీమ్ బుష్‌లు. స్ప్రింగులు విరగకపోతే, బండి ఒకవైపు కుంగకపోతే పాతవే ఉంచుకోవచ్చు. బుష్‌లు మాత్రమే కొని పాత ఆర్మ్‌లో ప్రెస్ చేయించుకోవచ్చు, చవకే, కానీ హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న చోటు కావాలి, సుత్తితో కొట్టి దించితే కొత్త బుష్ అక్కడే చిరుగుతుంది. ఆర్మ్ మొత్తం మార్చడమే నాకు నచ్చే పద్ధతి. సెల్ఫ్ లాకింగ్ నట్లన్నీ కొత్తవి కొనండి, అవి ఒకసారి వాడాక పట్టు తగ్గుతుంది.

స్ప్రింగులు కట్ చేసి బండిని కిందికి దించడం, లోయరింగ్ స్ప్రింగులు వేయడం గురించి చాలామంది అడుగుతారు. మన రోడ్ల మీద రోజూ తిరిగే బండికి వద్దు. ఊరి మధ్య స్పీడ్‌బ్రేకర్లకి ఒక కొలత ఉండదు, వానాకాలంలో గుంటలు నీళ్ళ కింద కనిపించవు, లోడు లారీలు తిరిగే రోడ్డు ఒక్క సీజన్‌లో మారిపోతుంది. బండి దించితే సస్పెన్షన్ కదలడానికి చోటు తగ్గి ప్రతి గుంటకీ బంప్ స్టాపర్ దాకా వెళ్ళి కొడుతుంది. అప్పుడు ఘాట్‌లో పట్టు పెరగదు, తగ్గుతుంది. పాలీయురేథేన్ బుష్‌లు కూడా ట్రాక్ మీద బాగుంటాయి, రోజువారీ బండిలో అదురు పెరుగుతుంది, గ్రీజు ఆరితే కీచుమంటాయి. కంపెనీ ఇచ్చిన ఎత్తు, రబ్బరు బుష్‌లు, మంచి షాకబ్జర్లు, ఈ మూడూ కలిస్తే చాలు. ఇంకొంచెం బిగుతు కావాలనుకుంటే మీ మోడల్‌కి గ్యాస్ షాకబ్జర్లు దొరుకుతాయేమో చూడండి.

విప్పడం

పనికి ముందు రోజు రాత్రే అన్ని బోల్టుల మీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి. బరంపురం, గోపాల్‌పూర్ వైపు బండ్లకి ఉప్పుగాలి వల్ల ఇది మరీ అవసరం, లేకపోతే లింక్ రాడ్ నట్టు దగ్గరే మీ ఆదివారం అయిపోతుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకి దూరకండి. గట్టి నేల మీద రెండు వైపులా స్టాండ్‌లు పెట్టండి, వెనక చక్రాలకి దిమ్మలు అడ్డం పెట్టండి. ముందు చక్రాలు రెండూ ఒకేసారి లేపండి, ఒక్కవైపే లేపితే స్టెబిలైజర్ బార్ మెలిపడి లింక్ రాడ్ రాదు.

స్ట్రట్‌ని నకిల్‌కి (చక్రం బేరింగ్‌ని మోసే లోహపు ముక్క) పట్టి ఉంచే రెండు బోల్టులు విప్పే ముందు అవి ఉన్న చోటు మార్కర్‌తో గీసుకోండి, కాంబర్ (చక్రం నిలువుగా ఎంత వంగి ఉందో ఆ కోణం) దాదాపు పాత చోటికి వస్తుంది. పోలోలాంటి వాటిలో రెండు బోల్టులు ఉండవు, నకిల్ బిగింపులోకి స్ట్రట్ దిగి ఉంటుంది, దాన్ని కొంచెం తెరిచే పనిముట్టు వేరే కావాలి. బ్రేక్ హోస్, ఏబీఎస్ వైరు క్లిప్పులు ముందే తీసేయండి. నకిల్‌ని బయటికి గట్టిగా లాగకండి, డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ ఊడితే పని రెట్టింపవుతుంది. తాడుతో కట్టి ఉంచితే సరిపోతుంది. బాల్ జాయింట్ రాకపోతే, అది దిగి ఉన్న లోహపు చెవి మీద పక్కనుంచి సుత్తితో ఒక్క గట్టి దెబ్బ వేయండి, నట్టు పూర్తిగా తీయకుండా రెండు చుట్లు వదిలి ఉంచండి.

స్ప్రింగ్ విప్పే పని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. స్ట్రట్ పైన ఉండే మధ్య నట్టు, బిగిసి ఉన్న స్ప్రింగ్ బలాన్నంతా పట్టుకుని ఉంటుంది. స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగ్‌ని నొక్కి పట్టే పనిముట్టు) లేకుండా ఆ నట్టు విప్పితే ప్రాణమే పోవచ్చు. రెండు కంప్రెసర్లనీ స్ప్రింగ్‌కి సరిగ్గా ఎదురెదురుగా పెట్టి, కాస్త ఇటు, కాస్త అటు, చేత్తోనే బిగించండి, ఇంపాక్ట్ గన్ వాడకండి. స్ప్రింగ్ తన సీటులో వదులై చేత్తో కదిలేదాకా మధ్య నట్టు ముట్టుకోవద్దు, మొహం దాని మీదికి పెట్టవద్దు. కంప్రెసర్ లేకపోతే స్ట్రట్‌లు విప్పి మంచి వర్క్‌షాపుకి తీసుకెళ్ళి ఈ ఒక్క పని వాళ్ళతో చేయించుకోండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. కొత్త స్ట్రట్‌ని బిగించే ముందు నిలువుగా పట్టుకుని రాడ్ పూర్తిగా దించి లేపుతూ నాలుగైదుసార్లు ఆడించండి, అడ్డంగా పడుకోబెట్టి ఉంచడం వల్ల లోపల చేరిన గాలి సర్దుకుంటుంది. స్ప్రింగ్ చివర కింది సీటులోని గాడిలో కూర్చుందో లేదో చూసి మరీ మూయండి.

బిగించడం, అసలు కిటుకు ఇక్కడే

ఇది ఒక్కటి గుర్తుంటే మీ బుష్‌లు ఏళ్ళ తరబడి ఉంటాయి. చాలా బుష్‌లలో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది, అది తిరగదు, మెలిపడుతుంది. బండి గాల్లో ఉండి, ఆర్మ్ కిందికి వేలాడుతున్నప్పుడు బోల్టు పూర్తిగా బిగిస్తే, బండి కిందికి దించగానే ఆ రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది. తడిబట్టని పిండి అలాగే పట్టుకున్నట్టు, ఆగి ఉన్నా దానికి విశ్రాంతి ఉండదు, కొద్ది నెలల్లోనే చిరుగుతుంది. కొత్త ఆర్మ్‌లు వేశాక అంత త్వరగా శబ్దం మళ్ళీ వచ్చిందంటే చాలాసార్లు కారణం ఇదే, సామాను నకిలీది కానక్కర్లేదు.

కాబట్టి ఆర్మ్ బోల్టులు ముందు చేతి బిగువు దాకా మాత్రమే బిగించండి. చక్రాలు వేసి, బండి బరువు చక్రాల మీదికి వచ్చాక, ర్యాంప్ మీద గానీ వర్క్‌షాపు సర్వీస్ గుంట మీద గానీ నిలబెట్టి అప్పుడు పూర్తిగా బిగించండి. ర్యాంప్ లేకపోతే బాల్ జాయింట్ కింద జాకీ పెట్టి, ఆ మూల స్టాండ్ మీద నుంచి కొద్దిగా తేలేదాకా లేపి బిగించండి. టార్క్ రెంచ్ (బిగువు కొలిచి బిగించే పానా) వాడండి, ఎంత బిగువో మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, ఇంకో కారు అంకె వాడకండి.

వెనక పని తేలిక. ఈ తరహా హ్యాచ్‌బ్యాక్‌లలో చాలావాటికి వెనక ఒకే టోర్షన్ బీమ్, షాకబ్జర్ వేరు, స్ప్రింగ్ వేరు. వెనక చక్రాలు లేపుతారు కాబట్టి హ్యాండ్ బ్రేక్ పనికిరాదు, ముందు చక్రాలకి దిమ్మలు పెట్టి గేరులో ఉంచండి. షాకబ్జర్ కింది బోల్టు తీసే ముందు బీమ్ కింద జాకీ ఉండాలి, లేకపోతే బీమ్ పడి బ్రేక్ హోస్ లాగేస్తుంది. బీమ్ బుష్‌లకి దిశ ఉంటుంది, పాతది తీసేముందు ఫోటో తీసుకుని అదే వరసలో కొత్తది ఎక్కించండి. బోల్టు బిగువు ఇక్కడ కూడా బండి నేల మీద ఉన్నప్పుడే.

పూర్తయ్యాక నెమ్మదిగా ఊరి చుట్టూ తిరగండి. బ్రేక్, స్టీరింగ్ రెండూ సరిగ్గా ఉన్నాయని నమ్మకం కుదిరాకే ఘాట్ ఎక్కండి. రెండు మూడు రోజులు తిరిగాక వీల్ అలైన్‌మెంట్ చేయించండి, తప్పించుకోవద్దు, ఆర్మ్‌లు మారాక టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పకుండా మారుతుంది. మీ ఊళ్ళో మంచి మెషిన్ లేకపోతే బరంపురమో జైపూరో విజయనగరమో వెళ్ళినప్పుడు చేయించుకోండి, స్టీరింగ్ నిటారుగా లాక్ చేసి చూస్తున్నారో లేదో దగ్గరుండి చూడండి, ముందూ తర్వాతా అంకెల ప్రింటు అడిగి తీసుకోండి. వారం పది రోజులయ్యాక వీల్ నట్లు, ఆర్మ్ బోల్టులు టార్క్ రెంచ్‌తో ఇంకోసారి చూసుకోండి. పాత టైర్లు గుంటలుగా అరిగి ఉంటే సస్పెన్షన్ అంతా కొత్తదైనా ఆ హోరు కొన్నాళ్ళు వినిపిస్తూనే ఉంటుంది, దానికి టెన్షన్ పడి మళ్ళీ విప్పకండి, టైర్లు మార్చినప్పుడు పోతుంది.