పోలండ్ పియానో జాజ్ వినడం ఎలా? జోలపాట పట్టుకోండి

మా ఇంట్లో నెలకోసారి నలుగురైదుగురం కూర్చుని పోలండ్ జాజ్ వింటాం. కొత్తగా చేరేవాళ్లందరూ దాదాపు ఒకే తప్పు చేసి వస్తారు. యాప్‌లో ‘పోలిష్ జాజ్’ అని కొట్టి, వచ్చిన ప్లేలిస్ట్ పెట్టుకుని, కూరగాయలు తరుక్కుంటూ విని, ‘బాగానే ఉంది గానీ అన్నీ ఒకేలా ఉన్నాయండీ’ అంటారు. ఒకేలా ఉండవు. వినే పద్ధతి తప్పితే అలా అనిపిస్తుంది. కింద చెప్పినట్టు ఒక్క నెల వినండి, తేడా మీకే తెలుస్తుంది.

కావలసినవి పెద్దగా లేవు. తీగ ఉన్న ఇయర్‌ఫోన్ చాలు, ఖరీదైనదేమీ అక్కర్లేదు. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి. డబుల్ బాస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగ వాద్యం) నాదం అందులో పలకదు, బాస్ పలకకపోతే ముగ్గురు వాయిస్తుంటే ఇద్దర్నే విన్నట్టు. ఆల్బమ్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. షఫుల్ తీసెయ్యండి. గంట ఖాళీ ఉంచుకోండి. భోజనం చేసిన వెంటనే వద్దు. పోలిష్‌లో డబుల్యూని ‘వ’ అని పలుకుతారు, అక్షరాల మీద గీతలూ చుక్కలూ ఉంటాయి. వాటిని వదిలేసి టైప్ చేసినా పేర్లు దొరుకుతాయి.

మొదటి ఆల్బమ్ మార్చిన్ వాషిలెఫ్‌స్కి ట్రియో వాళ్ల ‘జాన్యువరీ’, 2008లో ఈసీఎం అనే లేబుల్ (రికార్డు కంపెనీ) మీద వచ్చింది. పియానో వాషిలెఫ్‌స్కి, బాస్ స్వావోమీర్ కుర్క్యేవిచ్, డ్రమ్స్ మిహావ్ మిష్‌క్యేవిచ్. వాషిలెఫ్‌స్కి, కుర్క్యేవిచ్ కొషాలిన్ ఊళ్లో బడి రోజుల నుంచీ కలిసి వాయిస్తున్నారు. మొదట్లో వీళ్ల పేరు సింపుల్ అకూస్టిక్ ట్రియో. ట్రంపెట్ విద్వాంసుడు తోమాష్ స్తాంకో వీళ్లని చిన్న వయసులోనే తన బృందంలోకి తీసుకుని ‘సోల్ ఆఫ్ థింగ్స్’ (2002) వంటి ఆల్బమ్‌లు చేశాడు. అన్నేళ్లు ఒకే ముగ్గురు కలిసి వాయిస్తే ఏమవుతుందో ‘జాన్యువరీ’లో వినపడుతుంది. ఎవరూ ఎవర్నీ తోసుకుని ముందుకు రారు.

ఇందులో ప్రిన్స్ పాడిన ‘డైమండ్స్ అండ్ పర్ల్స్’ ఉంది. ముందు ప్రిన్స్ పాట రెండుసార్లు వినండి, తర్వాత వీళ్లది. మొదటిసారి పియానో మీద కాదు, బాస్ మీద చెవి పెట్టండి. రెండోసారి తాళాల మీద, అంటే డ్రమ్స్‌లోని ఇత్తడి పళ్లేల మీద. పియానోని వదిలేసినా పరవాలేదు, అది ఎలాగూ చెవిలో పడుతుంది. పియానోనే వెంటాడేవాళ్లకి మిగతా ఇద్దరూ ఎప్పటికీ వినపడరు. ఈ ఆల్బమ్‌కి వారం చాలు.

ఇక్కడో మాట చెప్పాలి. చాలామంది ‘చరిత్ర క్రమంలో వినాలి, కొమేదాతో మొదలుపెట్టాలి’ అని సలహా ఇస్తారు. పియానిస్టు, స్వరకర్త క్షిష్తోఫ్ కొమేదా 1965 డిసెంబరులో వార్సాలో రికార్డు చేసిన ‘అస్టిగ్మాటిక్’ పోలండ్ జాజ్‌కి మూలస్తంభం, అందులో సందేహం లేదు. కానీ అందులో ఉన్నవి మూడే మూడు రచనలు, మొదటిది ఒక్కటే ఇరవై నిమిషాలు దాటుతుంది. దాంతో మొదలుపెట్టిన వాళ్లలో మా దగ్గరికి రెండోసారి వచ్చినవాళ్లు తక్కువ. గోపురం ఎక్కి గుడి చూడమంటే ఎలా? ముందు గడప దాటాలి. కాబట్టి కొమేదా దగ్గరికి మనం వెళ్తాం, కానీ ఆయన కట్టిన ఒక జోలపాట చెయ్యి పట్టుకుని.

అసలు కష్టమంతా ఈ మెట్టులోనే ఉంది. దీన్ని తొందరపడి దాటేస్తే మిగతాదంతా వృథా.

రోమన్ పోలాన్‌స్కీ తీసిన ‘రోజ్‌మరీస్ బేబీ’ (1968) సినిమాకి కొమేదా సంగీతం ఇచ్చాడు. మొదట్లో పేర్లు పడుతుండగా కథానాయిక మియా ఫారో మాటల్లేకుండా ‘లలలా’ అంటూ ఒక జోలపాట పాడుతుంది. ఆ బాణీకి ‘స్లీప్ సేఫ్ అండ్ వార్మ్’ అని పేరు. సినిమా చూడక్కర్లేదు, ఆ పాట ఒక్కటి వినండి. మూడు లెక్కల నడక, ఉయ్యాల ఊగినట్టు ఉంటుంది. దీన్ని రెండు మూడు రోజులు వినండి. గిన్నెలు తోముతుండగా, పాట పెట్టకుండానే, మొదటినుంచి చివరిదాకా కూనిరాగం తీయగలిగితే మీరు సిద్ధమైనట్టు. మధ్యలో ఎక్కడైనా ఆగితే సిద్ధం కానట్టే, ఇంకో రోజు వినండి. ఇక్కడ మొహమాటపడి ‘వచ్చేసింది లెండి’ అనేవాళ్లే తర్వాత దారి తప్పుతారు.

ఇప్పుడు లెషెక్ మోజ్జెర్. గ్దాన్‌స్క్‌లో పుట్టినవాడు, సంప్రదాయ పియానోలో గట్టి శిక్షణ ఉన్నవాడు. 2011లో ఏసీటీ లేబుల్‌కి ‘కొమేదా’ అనే ఆల్బమ్ చేశాడు. బాస్ లేదు, డ్రమ్స్ లేవు, ఒక్క పియానో. అందులో మన జోలపాట ఉంది. దాన్ని పెట్టుకుని, బాణీని మనసులో, పెదవి కదలకుండా, పాడుకుంటూ వినాలి. బాణీ మీ లోపల నడవాలి, పియానో బయట నడవాలి. చెప్పినంత తేలిక కాదిది.

మనవాళ్లు చేసే మొదటి తప్పు చేత్తో తాళం వెయ్యడం. పాట మూడు లెక్కలదని చెప్పాను కాబట్టి తిశ్రం వేసుకుంటూ కూర్చుంటారు. ఒంటరిగా వాయించే పియానిస్టు కాలాన్ని సాగదీస్తాడు, ఒక స్వరం దగ్గర ఆగుతాడు, ఇంకోచోట ముందుకు దూకుతాడు. మీ తాళం తప్పుతుంది, మీరు కంగారుపడతారు, ఆ కంగారులో బాణీ జారిపోతుంది. ఆలాపన జరుగుతుంటే ఎవరైనా తాళం వేస్తారా? చేతులు ఒళ్లో పెట్టుకోండి. ఊపిరితో వినండి.

రెండో తప్పు పోయిన బాణీ కోసం వెనక్కి తిప్పడం. ఒక చోట బాణీ ఉన్నట్టుండి మాయమవుతుంది. కుడిచేతి పైస్వరంలో ఉన్నది కాస్తా మధ్యలోకి దిగి, ఇతర స్వరాల నడుమ దూరుతుంది. ముందు పైస్వరంలో వెతకండి, లేకపోతే మధ్యలో, అక్కడా లేకపోతే ఎడమచేతి కింద. ఎక్కడా దొరకలేదా? మీ లోపల కూనిరాగం ఆపకండి. ఎక్కడున్నారో తెలియకపోయినా సాగించండి. ఎక్కడో ఒక స్వరం దగ్గర మీదీ ఆయనదీ కలుస్తాయి. అలా కలిసిన క్షణం కోసమే ఇంత పాటు. వెనక్కి తిప్పి విన్నవాడికి ఆ క్షణం దక్కదు, వాడు దాన్ని వెతికి పట్టుకుంటాడు, అది వేరు.

కచేరీలో నెరవల్ విన్నవాళ్లకి ఈ పద్ధతి సులువుగా అందుతుంది. అక్కడ సాహిత్యం ఒక్క పంక్తే, సంగీతం మాత్రం ప్రతిసారీ కొత్తగా పెరుగుతుంది. మాటలు చోటు తప్పవు కాబట్టి మనం తప్పిపోము. జాజ్‌లోనూ పాట చట్రం మారకుండా తిరుగుతూనే ఉంటుంది, దాని మీదే కొత్త స్వరాలు అల్లుతారు. కాకపోతే పట్టుకోవడానికి మాటలుండవు. ఆ మాటల పని మీ కూనిరాగం చెయ్యాలి. సిద్ధాంత గ్రంథాలు చదివి, కార్డుల (కలిపి పలికే స్వరాల గుత్తుల) పేర్లు బట్టీపట్టి విందామనేవాళ్లు ఉన్నారు. వాయించాలనుకుంటే చదవండి. వినడానికి ఒక జోలపాట నోటికి రావడం అంతకన్నా పెద్ద చదువు.

ఒక రోజుకి ఒక్కసారే. రెండోసారి మర్నాడు వినండి. అదే రోజు నాలుగుసార్లు వింటే మోజ్జెర్ వాయించింది బట్టీ వచ్చేస్తుంది, మీ లోపలి బాణీ చెరిగిపోతుంది. నాకు మొదట్లో అదే జరిగి, నెల్లాళ్లు ఆ ఆల్బమ్ పక్కన పెట్టాల్సి వచ్చింది.

మూడో రోజు వాషిలెఫ్‌స్కి దగ్గరికి తిరిగి రండి. 2014లో వచ్చిన ‘స్పార్క్ ఆఫ్ లైఫ్’లో స్వీడన్ శాక్సోఫోన్ వాద్యకారుడు యోఆకిమ్ మిల్డర్ చేరాడు, అందులోనూ ఇదే జోలపాట. ఇప్పుడు బాస్ ఉంది కాబట్టి కాలికింద నేల ఉన్నట్టుంటుంది. ‘జాన్యువరీ’లో బాస్ మీద చెవి పెట్టమన్నది ఇందుకే. ఇంకా ఓపిక ఉంటే స్తాంకో ‘లితానియా’ (1997) వినండి. అది ట్రంపెట్ నాయకుడి ఆల్బమ్, కానీ ఆ ఒక్క దాంట్లోనే ఈ జోలపాట మూడు రకాలుగా ఉంది.

ఇప్పుడు ‘అస్టిగ్మాటిక్’ పెట్టండి. కొమేదా చెవి ముక్కు గొంతు డాక్టరు, అసలు పేరు త్షిన్‌స్కి. జాజ్ వాయిస్తున్నట్టు ఆసుపత్రిలో తెలియకూడదని కొమేదా పేరు పెట్టుకున్నాడు. 1969లో, ముప్పై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయాడు. ఇందులో ఆయన పియానో గట్టిగా వినపడదు. స్తాంకో ట్రంపెట్, జ్‌బిగ్న్యెఫ్ నమిస్వోఫ్‌స్కి శాక్సోఫోన్ ముందుంటాయి. పియానిస్టు వెనకుండి దారి మళ్లిస్తుంటాడు. జోలపాటతో సాధన చేసిన చెవికి అది తెలుస్తుంది. మూడో రచన ‘స్వాన్‌తేతిక్’ విన్నాక మోజ్జెర్ ఆల్బమ్ మళ్లీ తెరవండి, మొదటిదే అది.

ఫ్యూజన్‌కి, అంటే ఇతర సంగీతాలతో కలిపిన జాజ్‌కి, ప్రత్యేక సాధన అక్కర్లేదు, లయ దానంతటదే లాక్కుపోతుంది. వ్రోత్స్వాఫ్ నగరం నుంచి వచ్చిన ఈఏబీఎస్ బృందాన్ని వినండి, కీబోర్డ్ మీద మారెక్ పెంజీవ్యాత్ర్. 2017 నాటి ‘రెపెటిషన్స్’ కొమేదా సంగీతాన్ని హిప్‌హాప్ నడకలోకి తెస్తుంది. వీళ్లలోంచే పుట్టిన బ్వోతో బృందం ఇంకాస్త మొరటుగా, బరువుగా ఉంటుంది. ‘ఎరోజ్యే’ (2020)తో మొదలుపెట్టండి.

చివరికి 2023 నాటి ‘ఇన్ సెర్చ్ ఆఫ్ ఎ బెటర్ టుమారో’. ఈఏబీఎస్‌తో లాహోర్ బృందం జౌబీ కలిసి చేసింది, విడుదల చేసిన లేబుల్ పేరు అస్టిగ్మాటిక్ రికార్డ్స్. సారంగి, తబలా ఉన్నాయి కదా అని చాలామంది దీన్నే ముందు వింటారు. వద్దు. అలవాటైన వాద్యం వినపడగానే మన చెవి దాని వెంటే పరుగెత్తుతుంది, కీబోర్డ్ చేసే పని మరుగున పడుతుంది. పైమెట్లన్నీ ఎక్కాక వినండి. సారంగి సాగుతున్నప్పుడు ఒకసారి కీబోర్డ్‌ని మాత్రమే పట్టుకోండి, ఇంకోసారి తబలాని మాత్రమే. మూడోసారి దేన్నీ పట్టుకోకండి.