పళ్ళు తోముకున్నాక ఒక్క నిమిషం నోట్లోకి చూసుకోండి

నోటి క్యాన్సర్‌ని మొదట్లోనే పట్టుకోవాలంటే, నెలకోసారి ఫోన్ టార్చ్ వేసుకుని, అద్దం ముందు నోరు బాగా తెరిచి చూసుకోండి. పెదాల లోపలివైపు, బుగ్గలు, చిగుళ్ళు, అంగిలి అన్నీ. నాలుక కొసని శుభ్రమైన గుడ్డతో పట్టుకుని అటూ ఇటూ లాగితే పక్కలు కనిపిస్తాయి. పైకెత్తి కింద కూడా చూడాలి, చాలామంది వదిలేసేది అదే. కట్టుడు పళ్ళుంటే తీసేసి చూడండి.

తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, వేలికి గట్టిగా తగిలే గడ్డ, మానని పుండు... ఏదైనా రెండు వారాలు దాటితే డెంటిస్టుకు చూపించండి. నొప్పి లేదు కదా అని ఆగొద్దు. నోటి క్యాన్సర్ మొదట్లో చాలాసార్లు నొప్పే ఉండదు. బి-కాంప్లెక్స్ మాత్రలతో నెలలు గడిపేసేవాళ్ళని చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

గుట్కా, ఖైనీ, వక్కపొడి అలవాటుంటే ఇంకొకటి: మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టాలి. పట్టకపోయినా, కాస్త కారానికే నోరు మండిపోతున్నా వెంటనే వెళ్ళండి. పొగాకు కలపని ఉత్త వక్క కూడా క్యాన్సర్ తెస్తుంది. పొగాకుకి మద్యం తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది.

శ్రీకాకుళం, విశాఖ వైపు ఇంట్లో అడ్డపొగ తాగే పెద్దవాళ్ళుంటే వాళ్ళ అంగిలి మీరే చూడండి. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుంటారు కాబట్టి సెగంతా అక్కడే తగులుతుంది. మా మామ్మని తల వెనక్కి వాల్చమని టార్చ్ వేస్తే, అంగిలంతా తెల్లగా మందమెక్కి, మధ్యమధ్య ఎర్ర చుక్కలు. ఆవిడకి అప్పటిదాకా తెలియనే తెలియదు. మర్నాడే ఆస్పత్రికి తీసుకెళ్ళాం.