మెమోరియల్ డేకి ముందే: రే రాబర్ట్స్ లేక్‌కి వెళ్లేవాళ్లు చూసుకోవాల్సిన జాగ్రత్తలు

మే నెలాఖరులో మెమోరియల్ డే వచ్చిందంటే డల్లాస్ చుట్టుపక్కల వాట్సాప్ గ్రూపుల్లో లేక్ ప్లాన్లు మొదలవుతాయి. ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనోల నుంచి రే రాబర్ట్స్ లేక్ స్టేట్ పార్క్ కారులో గంట ప్రయాణం, కొంచెం అటూ ఇటూ. పులిహోర ట్రే ఎవరు తెస్తారు, చికెన్ ఎవరు నానబెడతారు, క్రికెట్ బ్యాట్ ఎవరి కారులో ఉంది అన్నీ ముందే తేలిపోతాయి. లైఫ్ జాకెట్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం 'అక్కడ చూసుకుందాంలే' అంటారు. లిస్టులో మొదట రాయాల్సింది అదే.

ఇది స్విమ్మింగ్ పూల్ కాదు, మన ఊరి చెరువూ కాదు. ట్రినిటీ నది పాయ ఎల్మ్ ఫోర్క్ మీద ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ డ్యామ్ కట్టారు. 1987 నుంచి దాని వెనక నిలిచిన నీళ్లే ఈ లేక్. అంటే అడుగున పాత వాగులున్నాయి, గట్లున్నాయి, నరకకుండా వదిలేసిన చెట్ల మోళ్లున్నాయి. మోకాలి లోతులో నడుస్తూ నడుస్తూ పాత వాగు అంచు దాటితే తర్వాతి అడుగుకి నేల తగలదు. నీళ్లు మట్టి రంగులో ఉంటాయి కాబట్టి మునిగిన మనిషి రెండు గజాల దూరంలో ఉన్నా కనపడడు. తాళ్లు, బోయలు (నీళ్లలో తేలే హద్దు గుర్తులు) కట్టిన ఈత బీచ్‌లో కూడా లైఫ్‌గార్డ్ ఉండడు. బోయలు హద్దు మాత్రమే చెబుతాయి, లోపలంతా లోతు తక్కువని కాదు.

బయల్దేరే ముందు

ఈ పార్కు రెండు ముక్కలుగా ఉంది. పైలట్ పాయింట్ వైపు ఎఫ్ఎం 455 రోడ్డు మీద ఐల్ డు బోయిస్ యూనిట్, ఉత్తరాన వ్యాలీ వ్యూ వైపు ఎఫ్ఎం 3002 మీద జాన్సన్ బ్రాంచ్ యూనిట్. మధ్యలో లేక్ ఉంది. గ్రూపులో 'రే రాబర్ట్స్ పార్క్‌లో కలుద్దాం' అని మాత్రమే రాస్తే సగం కార్లు ఇటు, సగం అటు వెళ్తాయి. యూనిట్ పేరు రాయండి. ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేసినా ముందు చెప్పాల్సింది అదే. గేటు దాటగానే యూనిట్ పేరు, మీరు కూర్చున్న పిక్నిక్ ఏరియా పేరు లేదా క్యాంప్ సైట్ నంబరు గ్రూపులో పెట్టేయండి. కంగారులో ఎవరికీ గుర్తుండదు.

డే పాస్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, 30 రోజుల ముందు నుంచి దొరుకుతాయి. లాంగ్ వీకెండ్‌లో పార్కు నిండితే గేటు దగ్గర నుంచే వెనక్కి పంపేస్తారు. అలా వెనక్కి తిరిగిన గ్రూపు ఏ ఊరూ పేరూ లేని ఒడ్డునో, వంతెన కిందో దిగుతుంది. అసలు ప్రమాదం అక్కడే. బోయలుండవు, లోతు తెలిసినవాళ్లుండరు, అంబులెన్స్‌కి దారీ చెప్పలేరు.

వాన పడ్డ వారం తర్వాత వెళ్తుంటే పార్క్ పేజీలో అలర్టులు చూడండి. ఈ లేక్‌లో వరద నీళ్లు ఆపుతారు. మామూలు నీటి మట్టం సముద్ర మట్టానికి 632.5 అడుగుల ఎత్తు. అంతకన్నా పైకెక్కితే బీచ్, బోట్ ర్యాంపులు, కొన్ని క్యాంప్ సైట్లు నీళ్లలోకి పోతాయి. నీళ్లు తీసిన కొత్తలో ఒడ్డున ఎక్కడ బురదో, ఎక్కడ దుంగలో తెలియదు.

లైఫ్ జాకెట్

టెక్సాస్ చట్టం ప్రకారం 26 అడుగుల లోపు బోట్ కదులుతున్నప్పుడు 13 ఏళ్లలోపు పిల్లలు జాకెట్ వేసుకునే ఉండాలి. పెద్దలకి తలా ఒకటి బోట్‌లో చేతికందేలా ఉంటే చాలంటుంది. కయాక్‌కీ అంతే. చట్టం చాలంది కదాని సీటు కింద పెట్టకండి. బోల్తా పడ్డాక నీళ్లలో జాకెట్ తొడుక్కోవడం, కారు గుద్దుకున్నాక సీట్ బెల్ట్ పెట్టుకున్నట్టే. ఒడ్డునే తొడిగి, బకిల్స్ బిగించి, ఆ తర్వాతే ఎక్కాలి. ఈత రానివాళ్లు ఒడ్డు పక్కన నీళ్లలో దిగినా సరే వేసుకోవడమే మంచిది.

కొనేటప్పుడు లోపలి లేబుల్ మీద యూఎస్ కోస్ట్ గార్డ్ ఆమోదం, బరువు చూడండి. పిల్లలకి వయసు కాదు, బరువే లెక్క: 30 పౌండ్ల లోపు ఇన్ఫెంట్, 30 నుంచి 50 చైల్డ్, 50 నుంచి 90 యూత్, 90 దాటితే అడల్ట్. 'వచ్చే ఏడాదికీ పనికొస్తుంది' అని ఒక సైజు పెద్దది కొంటే ఈ ఏడాది పనికిరాదు. తొడిగాక భుజాల దగ్గర రెండు పట్టీలూ పట్టుకుని పైకి లాగి చూడండి. జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా వచ్చిందంటే, నీళ్లలో పిల్లాడు కిందకి జారిపోతాడు, జాకెట్ ఒక్కటే పైన తేలుతుంది. చిన్నపిల్లలకి కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నదే తీసుకోండి.

నడుముకి బెల్టులా కట్టుకుని తాడు లాగితే గాలి నిండే రకం ఈత రానివాళ్లకి వద్దు, 16 ఏళ్లలోపు వాళ్లకి అసలు వద్దు. చేతులకి వేసే గాలి బుడగలు, డోనట్ ట్యూబులు, ఫ్లెమింగోలు ఆటబొమ్మలు. వీటితో ఇంకో చిక్కుంది. ఉత్తర టెక్సాస్‌లో వేసవంతా దక్షిణం గాలి గట్టిగా వీస్తుంది. ఒడ్డు నుంచి నీటి వైపు గాలి ఉన్న చోట ఒడ్డు పక్కన నీళ్లు అద్దంలా కదలకుండా కనిపిస్తాయి. ట్యూబ్ మీద పడుకున్నవాడు కళ్లు మూసి తెరిచేసరికి లోతులో ఉంటాడు. దిగే ముందు గడ్డి పరకలు నాలుగు గాల్లోకి వదిలి చూడండి. అవి నీళ్ల వైపు ఎగిరితే ట్యూబులు కారులోనే ఉంచండి.

బట్టలూ చూసుకోవాలి. జీన్స్, చుడీదార్, పొడుగు చున్నీ తడిస్తే కాళ్లకి చుట్టుకుంటాయి. మోకాళ్ల పైకుండే నైలాన్ లేదా పాలిస్టర్ బట్టలు, కాళ్లకి వాటర్ షూస్ వేసుకోండి. 2012 నుంచి ఈ లేక్‌లో జీబ్రా మసెల్స్ అనే ఆల్చిప్పలున్నాయి. రాళ్లకీ దుంగలకీ అంటుకుని, బ్లేడులా పాదాలు కోస్తాయి.

నీళ్లలో

పూల్‌లో నాలుగు ల్యాపులు కొట్టేవాళ్లకీ, చిన్నప్పుడు కాలువలో ఈదినవాళ్లకీ ఒకే మాట: పూల్‌లో 25 గజాలకోసారి గోడ అందుతుంది, ఇక్కడ అందదు. 'ఆ బోయ్ దాకా వెళ్లొద్దాం' అని పందేలు కాసుకునేది కాస్తో కూస్తో ఈత వచ్చినవాళ్లే. వెళ్లేటప్పుడు ఒంట్లో ఉన్న బలం తిరిగొచ్చేటప్పుడు ఉండదు. ఈదాలనుంటే ఒడ్డుకి సమాంతరంగా, నడుము లోతు దాటకుండా ఈదండి. తల ముందుగా డైవ్ చేయకండి, కింద మోడు ఉండొచ్చు.

ఏప్రిల్‌లో, మే మొదట్లో ఎండ 85 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నా నీళ్లు ఇంకా చల్లగానే ఉంటాయి. ఒక్కసారిగా దూకితే ఊపిరి దానంతటదే ఎగపీలుస్తుంది. ఆ క్షణాన నోరు నీళ్లలో ఉంటే గొంతులోకి నీళ్లే పోతాయి. అలా జరిగితే ఈదబోకండి. వెల్లకిలా తేలి, ఊపిరి కుదుటపడేదాకా ఒక నిమిషం ఆగండి.

పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ ఒక పెద్ద మనిషికి అదే పని. ఫోన్ ఉండదు, గ్రిల్ ఉండదు, కబుర్లుండవు. 15 నిమిషాలకోసారి మారండి, మారేటప్పుడు 'ఇప్పుడు నువ్వు చూడు' అని నోటితో చెప్పండి. ఇరవై మంది ఉన్న గ్రూపులో అందరూ చూస్తున్నారనుకుంటే ఎవరూ చూడనట్టే. మునిగేవాడు సినిమాలోలా చెయ్యెత్తి కేకలు వేయడు. తల వెనక్కి వాలుతుంది, నోరు నీటి మట్టానికి వస్తూ పోతూ ఉంటుంది, చేతులు పక్కలకి నీళ్లని నొక్కుతుంటాయి. పిలిస్తే పలకడు. చూసేవాళ్లకి ఆడుకుంటున్నట్టే ఉంటుంది.

అప్పుడు చేయాల్సింది దూకడం కాదు. ఒకర్ని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోయేది ఆ దూకడంలోనే. మునిగేవాడు దొరికినవాణ్ణి పట్టుకుని పైకెక్కాలని చూస్తాడు. ముందు అందించాలి: కయాక్ తెడ్డు, బ్యాట్, చెట్టు కొమ్మ, ఏదైనా. మీరు ఒడ్డున పడుకుని అందించాలి, లేకపోతే మిమ్మల్నీ లాగేస్తాడు. అందకపోతే విసరాలి. ఖాళీ గాలన్ పాల డబ్బాలో రెండు అంగుళాల ఎత్తు నీళ్లు పోసి, మూత బిగించి, డబ్బా పిడికి 50 అడుగుల నైలాన్ తాడు కట్టి ఇంటి దగ్గరే సిద్ధం చేసుకోండి. నీళ్లు లేని డబ్బా గాలికి కొట్టుకుపోతుంది, ఆ కాస్త బరువుంటే విసిరిన చోటికి వెళ్తుంది. తాడు కొస కాలి కింద తొక్కిపట్టి విసరండి.

బయటికి తీశాక ఊపిరి లేకపోతే పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, తలకిందులుగా తిప్పడం చేయకండి. ఒకరు 911కి ఫోన్ చేయాలి, ఒకరు వెంటనే మొదలుపెట్టాలి. మునిగినవాళ్లకి నోటితో రెండు ఊపిరులు ముందివ్వాలి, ఆ తర్వాత 30 సార్లు ఛాతీ నొక్కాలి, మళ్లీ రెండు ఊపిరులు. పెద్దవాళ్లకి రెండు అంగుళాల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. తేరుకుని లేచి కూర్చున్నా, దగ్గు ఆగకపోయినా ఆయాసమున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. స్టూడెంట్లకి ఒక మాట. అంబులెన్స్ బిల్లుకి భయపడి ఫోన్ చేయడానికి పది నిమిషాలు ఆలోచించకండి. అవతల అడిగేది ఎక్కడున్నారు, ఏమైంది అనే.

పాంటూన్ బోట్ అద్దెకి తీసుకుంటే

పాంటూన్ అంటే తేలే గొట్టాల మీద చదునైన డెక్ కట్టిన బోట్. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. లోపల సోఫాలు, నీడ, పాటలు ఉండేసరికి ఇది బోటని మర్చిపోతారు. లేక్ మధ్యలో ఇంజిన్ ఆపి, లంగరు వేయకుండా అందరూ ఒకేసారి దూకుతారు. మనిషి నీళ్లలో ఉన్నచోటే ఉంటాడు, పైకప్పున్న బోట్ గాలికి తెరచాప పడవలా జరిగిపోతుంది. ఈదినకొద్దీ అది దూరమవుతుంటుంది. ఒకరు తప్పనిసరిగా స్టీరింగ్ దగ్గర ఉండాలి, లంగరు పడిందో లేదో తాడు లాగి చూసుకోవాలి, దిగేవాళ్లు జాకెట్‌తోనే దిగాలి. బోట్ వెనక తాడు కట్టిన ఫ్లోట్ ఒకటి వదిలితే పట్టుకోవడానికి ఆధారం ఉంటుంది.

నిచ్చెన ఎక్కేటప్పుడు న్యూట్రల్ చాలదు, ఇంజిన్ పూర్తిగా ఆపి తాళం తీయండి. ప్రొపెల్లర్ నిచ్చెన పక్కనే ఉంటుంది. ముందు గేటు అవతల కాళ్లు వేలాడేసి కూర్చుని ఫొటోలు దిగకండి. డ్రైవర్ ఒక్కసారి వేగం తగ్గిస్తే మనిషి ముందుకి జారి బోట్ కిందకే పోతాడు. ఇంజిన్ నడుస్తుంటే వెనక మెట్టు దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టకండి, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన తెలియదు. నడిపేవారు 1993 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉండి, ఇంజిన్ 15 హార్స్‌పవర్ దాటితే బోటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ కావాలి. స్టేట్ పార్కులో బహిరంగంగా మందు తాగడం నిషేధం. బోట్ నడుపుతూ తాగి దొరికితే కారులో దొరికినట్టే కేసు.

కయాక్ అయితే ముందు గాలికి ఎదురు వెళ్లండి. అలసిపోయాక గాలే వెనక్కి తీసుకొస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు మీ సొంత కయాక్‌లో నీళ్లన్నీ ఒంపేయాలి. ఆల్చిప్ప పిల్లలు ఇంకో లేక్‌కి పాకకుండా చట్టం పెట్టిన నియమం అది.

ఎండ, పిడుగు, పొయ్యి

జులై, ఆగస్టుల్లో 100 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. ఎండలో ఆడే మనిషికి గంటకి అర లీటరు నుంచి లీటరు నీళ్లు లెక్కేయండి. పెద్దవాళ్లు బాత్రూం దూరమని తాగరు, అడిగి తాగించండి. మాట తడబడుతున్నా, ఉన్నట్టుండి చిరాకు పడుతున్నా, తూలుతున్నా అది వడదెబ్బే. నీడకి చేర్చి ఒళ్లంతా నీళ్లు పోస్తూ 911కి ఫోన్ చేయండి. మూసిన కారులో పది నిమిషాల్లో 20 డిగ్రీల వేడి పెరుగుతుంది, పాప నిద్రపోతోందని వదిలేయకండి.

ఉరుము వినపడిందంటే నీళ్లలోంచి బయటికి. చెట్టు కిందకీ టెంట్‌లోకీ గోడల్లేని షెల్టర్ కిందకీ కాదు, కారులోకి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. టోర్నడో వాచ్ అంటే రావచ్చని, వార్నింగ్ అంటే వచ్చిందని, లేదా వచ్చేస్తోందని. వార్నింగ్ అయితే కారులో ఉండకుండా గట్టి గోడలున్న రెస్ట్‌రూంలోకి వెళ్లండి.

బర్న్ బ్యాన్ (ఆరుబయట నిప్పు పెట్టకూడదన్న నిషేధం) ఉందో లేదో గేటు దగ్గర అడగండి. వాన వస్తోందని చార్కోల్ గ్రిల్‌ని టెంట్‌లోకి తేకండి, బూడిద కప్పిన బొగ్గులు కూడా మనిషిని చంపుతాయి. 90 డిగ్రీలు దాటిన ఎండలో బిర్యానీ, కోడి కూర, పెరుగన్నం గంటకి మించి బయట ఉంచకూడదు. పచ్చి చికెన్ వేరే కూలర్‌లో పెట్టండి. మంచినీళ్ల సీసాల కూలర్ నిమిషానికోసారి తెరుస్తుంటారు కాబట్టి అందులో చల్లదనం నిలవదు.

దుప్పటి పరిచే ముందు చీమల పుట్టలు చూడండి, ఫైర్ యాంట్లు పదుల్లో ఎక్కి ఒకేసారి కుడతాయి. మూడేసి ఆకులుండే పాయిజన్ ఐవీ తీగ ముట్టుకోకండి. నీటి అంచు రాళ్ల మధ్య కాటన్‌మౌత్ అనే విషపు పాములుంటాయి, చేతులు పెట్టకండి. కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం ఏదీ వద్దు, ఉంగరాలు తీసేసి కదలకుండా ఆసుపత్రికి.

ఇంటికొచ్చాక

స్నానం చేసేటప్పుడు చంకలు, మోకాలి మడతలు, చెవుల వెనక పిడుదులు చూడండి. ఉంటే ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగాలి, నూనె రాయకండి, కాల్చకండి. వేసవి చివర్లో వేడెక్కిన నీళ్లు ముక్కులోకి పోతే, చాలా అరుదుగా, మెదడుని తినే అమీబా సోకుతుంది. నోట్లోకి పోతే ఏమీ కాదు, ముక్కే దాని దారి. అందుకే దూకే పిల్లలకి ముక్కు క్లిప్పులు పెట్టండి, అడుగు బురద కెలకనివ్వకండి. లేక్‌కి వెళ్లొచ్చిన 12 రోజుల్లోపు తీవ్రమైన తలనొప్పి, జ్వరం, వాంతులు, మెడ బిగుసుకుపోవడం వస్తే ఎమర్జెన్సీకి వెళ్లి, వాళ్లు అడగకపోయినా లేక్‌లో ఈదామని మొదటి మాటగా చెప్పండి.