బెంగళూరు లాల్‌బాగ్‌ని ఒక్క పొద్దుటిపూటలో సరిగ్గా చూడటం ఎలా?

బెంగళూరులో పిల్లలో చుట్టాలో ఉన్న మనవాళ్ళు లాల్‌బాగ్ చూడకుండా వెనక్కి రారు, కానీ ఎక్కువమంది ఫ్లవర్ షో రోజుల్లోనే వెళ్తారు, జనంలో తోసుకుంటూ గ్లాస్ హౌస్ దగ్గర ఫోటో దిగి వచ్చేస్తారు. 240 ఎకరాల తోటండీ అది! నామటుకు నేను చెప్పేది ఏంటంటే షో లేని మామూలు రోజున, కుదిరితే వీక్‌డేలో వెళ్ళండి, అన్నిటికన్నా పాతది ముందు చూసి కొత్తవాటి వైపు నడవండి. అప్పుడు పార్కుతో పాటు ఊరి కథ కూడా వరసగా అర్థమవుతుంది.

ముందు గేటు సంగతి. లాల్‌బాగ్‌కి నాలుగు వైపులా గేట్లున్నాయి. లోపలికి డబుల్ రోడ్ గేటు నుంచి వెళ్ళండి, బయటికి వెస్ట్ గేటు నుంచి రండి, ఎందుకంటే గ్రీన్ లైన్‌లో లాల్‌బాగ్ మెట్రో స్టేషన్ అటువైపే ఉంది. పొద్దున 6కే తెరుస్తారు, ఆ టైంకి వెళ్తేనే మంచిది. నీళ్ళ బాటిల్, టోపీ, నడవడానికి బూట్లు చాలు.

లోపలికి రాగానే కనిపించే పెద్ద బండ ఎక్కండి, ఇదే మొదటి స్టెప్. పిల్లలు జారుడుబండ అనుకుని పరిగెత్తుతారు గానీ అది సుమారు 300 కోట్ల ఏళ్ళ నాటి రాయి, పెనిన్సులర్ నైస్ అంటారు, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది. డైనోసార్లు పుట్టడానికి ఎంతో ముందే ఉన్న రాయి మీద చెప్పులేసుకుని నిలబడ్డామని పిల్లలకి చెప్పండి, కళ్ళు పెద్దవి చేసి వింటారు. పైన ఒక చిన్న బురుజుంది, బెంగళూరుని కట్టించి ఏలిన కెంపేగౌడల కాలంలో ఊరికి నాలుగు దిక్కులా కట్టిన నాలుగింటిలో ఇదొకటి, ఊరు ఎప్పటికైనా ఇక్కడిదాకా పెరుగుతుందని అప్పట్లో హద్దుగా పెట్టారని చెప్తారు. ఇప్పుడక్కడ నిలబడి చుట్టూ చూడండి, ఎటు చూసినా బిల్డింగులే, హద్దు దాటి ఊరు ఎంత దూరం వెళ్ళిపోయిందో. ఎండెక్కితే బండ కాలిపోతుంది, వానపడితే జారుతుంది, అందుకే దీన్ని ముందు పెట్టుకోమంటున్నా.

బండ దిగాక తోట కథ మొదలు. 1760లో హైదర్ అలీ దీన్ని వేయించాడు, సిరాలో ఉన్న మొఘల్ తోట చూసి అలాంటిది కావాలనుకున్నాడట (హిందూపురం, మడకశిర వాళ్ళకి సిరా బాగా తెలిసిన ఊరే). కొడుకు టిప్పు సుల్తాన్ పర్షియా, అఫ్ఘనిస్తాన్ లాంటి చోట్ల నుంచి మొక్కలు, విత్తనాలు తెప్పించి పెంచాడు. 1799లో టిప్పు చనిపోయాక తోట ఇంగ్లీషువాళ్ళ చేతికి వెళ్ళింది, 1856లో ప్రభుత్వ బొటానికల్ గార్డెన్ అయింది.

తర్వాత గ్లాస్ హౌస్ కి నడవండి. లండన్‌లో ఒకప్పుడున్న క్రిస్టల్ ప్యాలెస్ అనే అద్దాల భవనం మోడల్‌లో కట్టారు, 1889లో విక్టోరియా రాణి మనవడు ఆల్బర్ట్ విక్టర్ శంకుస్థాపన చేశాడు, ఇనుప భాగాలు గ్లాస్గో నుంచి వచ్చాయి. షో లేనప్పుడే ఆ ఇనుప పనితనం పూర్తిగా కనిపిస్తుంది, తొందరపడకుండా చుట్టూ ఒక రౌండ్ తిరగండి. అప్పటి సూపరింటెండెంట్ జాన్ కామెరాన్, లండన్ క్యూ గార్డెన్స్ నుంచి వచ్చినాయన. మనం పప్పులో, కూరలో వేసుకునే బెంగళూరు వంకాయని ఇక్కడ పెంచి జనానికి అలవాటు చేసింది ఆయనే అంటారు.

ఇక చెట్లు, నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, దీనికి కనీసం గంట పెట్టుకోండి. పెద్ద తెల్లబూరుగు చెట్టు ఎక్కడుందో తోటమాలిని అడగండి, చూపిస్తారు. దాని వేళ్ళు గోడల్లా లేచి ఉంటాయి, వాటి మధ్య మనిషి నిలబడితే కనపడడు. తమిళనాడు తిరువక్కరై నుంచి తెచ్చిన, రాయిగా మారిపోయిన చెట్టు మొద్దు కూడా ఉంది, దాని వయసు 2 కోట్ల ఏళ్ళు. చెట్ల మీద రాసిన పేర్లు చదువుకుంటూ నడవండి, ఎన్ని దేశాలవి ఉన్నాయో తెలుస్తుంది. కామెరాన్ తర్వాత 1908లో ఈ తోట చూసుకోవడానికి వచ్చిన జర్మన్ ఆయన క్రుంబీగల్ గురించి ఇక్కడ తప్పకుండా చెప్పుకోవాలి. ఒక జాతి పూలు రాలేసరికి ఇంకో జాతి పూసేలా బెంగళూరు రోడ్ల పక్కన చెట్లు ఎంచి నాటించింది ఆయనే, ఏడాది పొడుగునా ఊళ్ళో ఏదో ఒక వీధి రంగులో ఉండటం ఆయన ప్లానింగే. ఆయన తర్వాత జవరాయ, ఆ తర్వాత మరిగౌడ ఈ తోటని పెంచి పెద్ద చేశారు. ఇంత పని చేసినవాళ్ళ పేర్లు ఎంతమందికి తెలుసు చెప్పండి?

చివరగా చెరువు గట్టు. అక్కడ కాసేపు కూర్చుని పక్షుల్ని చూసి, వెస్ట్ గేటు నుంచి బయటపడి, ఆటోలో గాంధీ బజార్ వెళ్తే టిఫిన్‌కి లోటుండదు. 1943 నుంచి ఉన్న విద్యార్థి భవన్ దోసె కోసం క్యూ ఉంటుంది, ఆకలి మరీ ఎక్కువైతే పక్క హోటల్ చూసుకోండి.

ఫ్లవర్ షో కూడా చూడాలనుంటే అది జనవరి 26, ఆగస్టు 15 దగ్గర్లో ఏడాదికి రెండుసార్లు పెడతారు. డేట్లు, టికెట్ రేట్లు ముందే చెక్ చేసుకోండి, సెలవు రోజు వద్దు, కారు అసలే వద్దు, మెట్రోలో వెళ్ళి గేటు తెరవగానే లోపలుండండి.